ఫర్మానాయే చట్టం: హైదరాబాద్ సంస్థానంలో నిరంకుశ పాలన ఎలా నడిచింది

1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన సెప్టెంబర్ 17 వచ్చిందంటే తెలంగాణలో ఒకే రోజుకు ఐదారు పేర్లు వినిపిస్తాయి. కేంద్ర ప్రభుత్వం విమోచన దినం అంటుంది. 2022లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది. 2024లో ప్రజాపాలన దినోత్సవం అని పేరు మారింది. విలీనం అనేవాళ్ళున్నారు, విద్రోహం అనేవాళ్ళూ ఉన్నారు. ఈ గొడవతో పాటే ఏటా ఇంకో గొడవ మొదలవుతుంది: ఆఖరి నిజాం మంచివాడా, చెడ్డవాడా? ఒకరు ఉస్మానియా యూనివర్సిటీ, ఉస్మానియా ఆసుపత్రి, నిజాంసాగర్ చూపిస్తారు. మరొకరు నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్లనూ వాళ్ళు జనాన్ని చంపిన బైరాన్‌పల్లినీ గుర్తుచేస్తారు. రెండు జాబితాలూ నిజమే. కానీ ఆ పాలన ఏ తీరుదో ఈ రెండింటిలో దేనివల్లా తెలియదు. ఆసుపత్రి కట్టించిన రాజూ నిరంకుశుడు కావచ్చు. చేతగాని మెతక రాజూ నిరంకుశుడే కావచ్చు. పాలించేవాడి మాటకు పైన ఇంకేదైనా ఉందా, ఆ మాట తప్పని చెప్పడానికి జనానికి ఒక చోటంటూ ఉందా అన్నదే అసలు సంగతి.

హైదరాబాద్ విషయంలో దీనికి సూటి జవాబు ఇచ్చింది చరిత్రకారులకన్నా ముందు సుప్రీంకోర్టు. 1950ల మధ్యలో ఒక నవాబు ఆస్తి కేసు విచారిస్తూ, నిజాం అధికారం ఎంతవరకు అని కోర్టు చూడాల్సి వచ్చింది. శాసనసభ ఆయనే, అత్యున్నత న్యాయస్థానం ఆయనే, ప్రభుత్వాధినేత ఆయనే, ఆయన అధికారానికి రాజ్యాంగపరమైన హద్దు ఏదీ లేదు అని తేల్చింది. ఆయన ఫర్మానా, అంటే రాజాజ్ఞ, మిగతా చట్టాలతో సమానమే కాదు, వాటితో విభేదిస్తే వాటిని కొట్టేసి నిలుస్తుంది అని కూడా చెప్పింది. ఆ తర్వాత ఒక దర్గా నిర్వహణ మీద వచ్చిన కేసులో ఇంకో అడుగు ముందుకేసింది. ఇష్టమే చట్టమైన పాలకుడి విషయంలో ఇది శాసనం, ఇది తీర్పు, ఇది పరిపాలన ఉత్తర్వు అని విడదీసి చూడటంలో అర్థం లేదంది. నిరంకుశత్వాన్ని ఇంతకన్నా పొదుపుగా వివరించిన మాటలు నాకు కనబడలేదు.

ఈ అధికారం ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. హైదరాబాద్ పాలకుడు బయటి ప్రపంచంలో ఏనాడూ పూర్తి స్వతంత్రుడు కాడు. 1724లో శక్కర్‌ఖేడా యుద్ధం గెలిచి దక్కన్‌ను చేతిలోకి తెచ్చుకున్న నిజాముల్ ముల్క్ కూడా తనను ఢిల్లీ బాదుషా ప్రతినిధిగానే చెప్పుకున్నాడు. హైదరాబాద్ నాణేల మీద 1857 తిరుగుబాటు దాకా మొఘల్ చక్రవర్తి పేరే ఉండేది. 1766లో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ పరమయ్యాయి. 1800 నాటి ఒప్పందంతో బళ్ళారి, కడప, అనంతపురం ప్రాంతాలు పోయాయి. దత్తమండలాలు అన్న పేరు అప్పుడు పుట్టిందే. తెలుగువాళ్ళు రెండు పాలనల కింద చీలిపోయిందీ అప్పుడే.

ఆ ఒప్పందాల అసలు ఫలితం భూమి పోవడం కాదని నా అభిప్రాయం. అంతకుముందు ఎంత పెద్ద రాజుకైనా కొన్ని భయాలుండేవి. పక్కన మరాఠాలు, మైసూరు. ఇంట్లో ఎదురుతిరిగే సర్దార్లు. జనాన్ని మరీ పిండితే ఊళ్ళు ఖాళీ చేసి పక్క రాజ్యానికి పోయే రైతులు. సికింద్రాబాద్‌లో కంపెనీ సైన్యం దిగాక గద్దెకు ఈ భయాలు చాలావరకు తీరిపోయాయి. నిజాం డబ్బుతోనే నడిచే సైన్యం నిజాం గద్దెకు కాపలా కాసింది. కోఠీలో ఉండే రెసిడెంటు, అంటే కంపెనీ ప్రతినిధి, ఒక్కడి మాట కాదనకుండా ఉంటే చాలు, లోపల ఎవరి మాటా వినక్కర్లేదు. 1857 జులైలో తుర్రేబాజ్ ఖాన్ మనుషులు రెసిడెన్సీ మీదికి వెళ్ళినప్పుడు దర్బారు బ్రిటిష్‌వాళ్ళ పక్షమే నిలిచిందని అందరికీ తెలుసు. 1926లో ఏడో నిజాం బేరార్ తిరిగి ఇవ్వమంటూ బ్రిటిష్ ప్రభుత్వంతో సమాన హోదాలో మాట్లాడబోతే వైస్రాయ్ రీడింగ్ రాసిన జవాబు కటువుగా ఉంది. బ్రిటిష్ అధికారమే సర్వోన్నతం, ఏ సంస్థానాధీశుడూ సమానుడిగా బేరమాడలేడు అని తేల్చేశాడు. పైవాడి ముందు అంత చిన్నవాడు, కోటికి పైబడిన ప్రజల మీద మాత్రం అడ్డులేని ఏలిక. ఆ రెండూ ఒకే ఏర్పాటులో భాగాలు.

రోజువారీ పాలన ఎలా నడిచేదో చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. 1911లో గద్దెనెక్కిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1914లో దివాన్ మూడో సాలార్‌జంగ్‌ను తప్పించి ఐదేళ్ళు పాలనంతా స్వయంగా చూసుకున్నాడు. 1919లో సర్ అలీ ఇమామ్ అధ్యక్షుడిగా బాబ్-ఎ-హుకూమత్ పేరుతో ఒక కార్యనిర్వాహక మండలి ఏర్పాటు చేశాడు. పైకి ఇది మంత్రివర్గంలాగే ఉంటుంది. కానీ పెద్ద విషయాల్లో మండలి నిర్ణయం అర్జ్‌దాస్త్ రూపంలో, అంటే విన్నపంగా, నిజాం నివాసమైన కింగ్ కోఠీకి వెళ్ళాలి. అక్కడినుంచి ఫర్మానా వస్తేనే అది అమలు. నచ్చకపోతే మారుతుంది, ఆగుతుంది, తిరగబడుతుంది. ఎందుకు అని మండలి అడగడానికి లేదు. ఫర్మానా జరీదా అనే సర్కారీ గెజిట్‌లో అచ్చయితే ఇక అదే చట్టం.

ఇక్కడ నిజాం పక్షం వాళ్ళు చెప్పే ఒక మంచి మాటను పక్కన పెట్టకూడదు. న్యాయ శాఖను రెవెన్యూ అధికారుల చేతుల్లోంచి విడదీసిన తొలి ప్రభుత్వాల్లో హైదరాబాద్ ఒకటి. 1920ల మొదట్లోనే ఆ పని జరిగింది. బ్రిటిష్ ఇండియా జిల్లాల్లో కలెక్టరే మేజిస్ట్రేటుగా ఉన్న కాలమది. మూసీ ఒడ్డున హైకోర్టు భవనం లేచింది, చదువుకున్న జడ్జీలు వచ్చారు. ఇదంతా నిజమైన మేలే. అయితే ఆ జడ్జీలకు అధికారం ఇచ్చింది ఒక ఫర్మానా. మరో ఫర్మానా వాళ్ళ తీర్పును తుడిచేయగలదు. పైన చెప్పిన నవాబు, వలీ ఉద్దౌలా ఆస్తి కేసులో దాదాపు అదే జరిగింది. ఆయన నిజాంకు దగ్గరి పెద్ద జాగీర్దార్లైన పాయగా వంశీకుడు, కార్యనిర్వాహక మండలికి కొంతకాలం అధ్యక్షుడు. 1935లో హజ్‌కు వెళ్ళి మదీనాలో చనిపోయాడు. భార్యలమని చెప్పుకున్న స్త్రీల మధ్య, వాళ్ళ పిల్లల మధ్య తగాదా మొదలైంది. కమిషన్లు కూర్చున్నాయి, నివేదికలు వచ్చాయి. 1940ల చివరికొచ్చేసరికి ఒక ఫర్మానా, దాన్ని కొట్టేస్తూ ఇంకో ఫర్మానా. ఇంత పెద్ద కుటుంబానికే తమ హక్కు ఏమిటో ఏ రోజుకారోజు తెలియని పరిస్థితి. మామూలు మనిషి సంగతి చెప్పేదేముంది!

మామూలు మనిషి నోరు విప్పాలంటే గస్తీ నిషాన్ 53 అడ్డం వచ్చేది. 1920ల్లో వచ్చిన ఈ సర్క్యులర్ ప్రకారం సభ పెట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. ఎవరు అధ్యక్షుడు, ఏం మాట్లాడతారు, బయటివాళ్ళు వస్తున్నారా అన్నవి అధికారులకు నచ్చాలి. ప్రైవేటు బడి పెట్టడానికీ అనుమతే. గ్రంథాలయ సభను కూడా అనుమానంగానే చూసేవారు. రాష్ట్ర జనంలో సగానికి దగ్గరగా తెలుగువాళ్ళే, పాలన మాత్రం ఉర్దూలో. 1921 నవంబర్‌లో హైదరాబాద్ వివేకవర్ధిని హాల్లో జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభ గోలచేసి కూర్చోబెట్టింది. ఆ అవమానంతోనే ఆంధ్ర జనసంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు లాంటివాళ్ళు దాన్ని నిలబెట్టిన తీరు గమనించాలి. రాజకీయం అన్న మాట ఎత్తకుండా గ్రంథాలయాలు, పాఠశాలలు, పాత శాసనాల సేకరణ, వెట్టి మీద చిన్న చిన్న పుస్తకాలు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక మొదలుపెట్టాడు. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగితే ఆయనే అధ్యక్షుడు. మితవాదులని తర్వాతి తరం వీళ్ళను తేలిగ్గా చూసింది కానీ, బడి పెట్టడానికి కూడా అనుమతి కావలసిన చోట గ్రంథాలయం పెట్టడం చిన్న ధైర్యం కాదు.

కృష్ణా జిల్లాలో ఉన్న తెలుగువాడూ పరాయి పాలనలోనే ఉన్నాడు, జైళ్ళకూ వెళ్ళాడు. కానీ బెజవాడలో పత్రిక పెట్టగలిగాడు, 1920 తర్వాత కొద్దిమందైనా ఓటు వేయగలిగారు, ఉత్తర్వు మీద కోర్టులో వాదించగలిగారు. మునగాల దాటి నిజాం రాజ్యంలోని నల్లగొండ వైపు వస్తే అవేవీ లేవు.

ఈ పాలనను సిద్ధాంతంగా సమర్థించిన మాట ఒకటి ఉంది, అది కాస్త ఆగి చదవాల్సిన మాట. 1937లో రాజ్యాంగ సంస్కరణల కోసం అరవముదు అయ్యంగార్ కమిటీ వేశారు. పాలకుడు ప్రజలకు స్వయంగా ప్రతినిధి, వచ్చిపోయే ఎన్నికైన ప్రతినిధులకన్నా ఆయనకూ ప్రజలకూ ఉన్న బంధం సహజమైనది, నిలకడైనది అని ఆ కమిటీ వాదించింది. ప్రజల సార్వభౌమత్వానికి ఆయనే రూపం, కాబట్టి ప్రభుత్వం ఆయనకే జవాబుదారీ అంది. వినడానికి ఎంత గౌరవంగా ఉందో అంత ప్రమాదకరమైన వాదన ఇది. ఈ వాదనలో పాలకుడు ప్రజలు లేరనడు, ప్రజలంటే నేనే అంటాడు. అప్పుడు ఆయన్ని ప్రశ్నించినవాడు ప్రజాద్రోహి అవుతాడు. 1939లో ప్రకటించిన సంస్కరణలు ఈ లెక్కలోనే వచ్చాయి. ఊరిని బట్టి కాకుండా వృత్తిని బట్టి ఓటు. జాగీర్దార్లకు ఇన్ని సీట్లు, పట్టాదార్లకు ఇన్ని, వకీళ్ళకు ఇన్ని. మంత్రులు సభకు బాధ్యులు కారు. యుద్ధం పేరుతో ఆ కాస్తా 1946 దాకా వాయిదా పడింది.

ఆ సంస్కరణల కాలంలోనే 1938 సెప్టెంబర్‌లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ను అది ఇంకా పుట్టకముందే నిషేధించారు. అదే ఏడాది చివర్లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విద్యార్థుల్ని బయటికి పంపారు. దీన్ని హిందువుల మీద ముస్లిం రాజు పాలనగా మాత్రమే చూస్తే సగమే తెలుస్తుంది. సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయను చాందా రైల్వే పథకాన్ని వ్యతిరేకించాడని 1883లోనే రాజ్యం నుంచి వెళ్ళగొట్టారు. ముస్లింల సంస్థ మజ్లిస్ నాయకుడు, ఉర్దూలో ఆ కాలపు మహావక్త బహాదూర్ యార్ జంగ్ కూడా నిజాం ఆంక్షలకు గురై చివరికి బిరుదూ జాగీరూ వదులుకున్నాడు. భారత్‌లో కలవాలని రాసిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో రజాకార్లు నడివీధిలో నరికి చంపారు. అటువైపు తెలంగాణ ఊళ్ళలో జనాన్ని పీడించిన భూస్వామి దొరలైన దేశ్‌ముఖుల్లో ఎక్కువమంది హిందువులే. రాజుగారికి కావలసింది విధేయత, దొరకు కావలసింది వెట్టి.

ఇక గడీ, అంటే కోట లాంటి దొర ఇంటి దగ్గరికి రావాలి. ఫ్రెంచి ఆలోచనాపరుడు మాంటెస్క్యూ 1748లో నిరంకుశ పాలన గురించి రాస్తూ ఒక మంచి గమనిక చేశాడు. అలాంటి పాలనలో అధికారం కొంచెం కొంచెంగా పంచబడదు, ఎవరికి అప్పగిస్తే వాళ్ళకు మొత్తంగా పోతుంది, వజీరే నిరంకుశుడవుతాడు, ప్రతి అధికారీ వజీరవుతాడు అని. ఆయన ఆసియా గురించి విన్నవీ చదివినవీ కలిపి రాశాడు, చాలా చోట్ల పొరబడ్డాడు. కానీ ఈ ఒక్క మాట మాత్రం నల్లగొండ, వరంగల్ జిల్లాల గడీలకు అచ్చంగా సరిపోతుంది.

సంస్థానం భూమిలో సుమారు పదోవంతు సర్ఫేఖాస్, అంటే నిజాం సొంత ఆస్తి. మరో మూడోవంతు దాకా జాగీర్లు, పాయగాలు, లోపలి చిన్న సంస్థానాలు. మిగిలింది దివానీ, సర్కారు భూమి. దివానీలో కూడా శిస్తు వసూలు రోజుల నుంచి పాతుకుపోయిన దేశ్‌ముఖులు, దేశ్‌పాండేలు వేల ఎకరాలు తమ పేర రాయించుకున్నారు. పటేల్ వాళ్ళ మనిషి, పట్వారీ వాళ్ళ మనిషి. పోలీసు అమీన్ ఊరికి వస్తే దిగేది గడీలో, తినేది గడీలో. అలాంటి ఊళ్ళో రోజు ఎలా గడిచేదంటే, మాదిగ ఇంటినుంచి ఒక మనిషి ప్రతిరోజూ గడీ పనికి పోవాలి. కబురు మోయాలి, కట్టెలు కొట్టాలి, దొర బండి ముందు పరుగెత్తాలి. చాకలి బట్టలుతకడంతో పాటు అంట్లు తోమాలి. కుమ్మరి కుండలు, గొల్ల గొర్రెలు, గౌండ్ల కల్లు, కోమటి సరుకులు, అన్నీ అడిగినప్పుడు ఇవ్వాలి. దొరబిడ్డ పెళ్ళయితే ఆడపిల్లను దాసిగా తోడు పంపేవారు. రైతు తన పొలానికి నీళ్ళు కట్టుకోవాలంటే ముందు దొర పొలం తడవాలి. "నీ బాంచన్ దొరా, కాల్మొక్తా" అన్న మాట అక్కడ పలకరింపు.

వెట్టిని అదుపు చేస్తూ 1920ల్లోనే సర్కారీ ఉత్తర్వులు వచ్చాయన్నది చాలామందికి తెలియదు. కాగితం మీద సర్కారు తప్పు లేదు. కానీ ఆ ఉత్తర్వును ఊళ్ళో అమలు చేయాల్సినవాడు పటేల్, చేయలేదని ఫిర్యాదు వినాల్సినవాడు అమీన్. ఇద్దరూ గడీ నీడలో ఉన్నవాళ్ళే. పైన పాలకుణ్ణి అడిగే దిక్కులేని చోట, కింద ప్రతి దొరా అడిగే దిక్కులేనివాడే అవుతాడు. నిజాంకు ఇవన్నీ తెలియవు, దొరలే చెడ్డవాళ్ళు అని ఇప్పటికీ వినబడే వాదన నాకు మింగుడుపడనిది అందుకే. తెలియకుండా ఉండే ఏర్పాటును కట్టుకున్నది ఆయన పాలనే. పత్రికను ఆపి, సభను ఆపి, ఎన్నిక లేకుండా చేసి, తర్వాత తెలియలేదంటే ఎలా?

1944లో భువనగిరి సభలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాక ఆంధ్ర మహాసభ ఊళ్ళలోకి దిగింది. జనం దాన్ని సంఘం అన్నారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేస్తున్న భూమి మీద విసునూరు దేశ్‌ముఖ్ కన్నుపడితే, సంఘం వాళ్ళు దగ్గరుండి పంట కోయించి ఆమె ఇంటికి చేర్చారు. 1946 జులై 4న కడవెండిలో గడీ ముందు నుంచి ఊరేగింపు పోతుంటే దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య పడిపోయాడు. అక్కడినుంచి ఆ కథ ఎటు పోయిందో తెలుగువాళ్ళకు తెలిసిందే. 1947 జూన్‌లో నిజాం, బ్రిటిష్‌వాళ్ళు వెళ్ళగానే తాను సంపూర్ణ స్వతంత్రుడినని ప్రకటించాడు. నవంబర్‌లో భారత్‌తో యథాతథ ఒప్పందం, అంటే ఉన్నది ఉన్నట్టు కొనసాగించే ఒప్పందం. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు.

సెప్టెంబర్ 17 చర్చల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోనిది ఆ తర్వాతి పదహారు నెలలు. ఆ రోజుతో నిరంకుశ అధికారం మాయమవలేదు, చేతులు మారింది. నిజాం తన అధికారాలన్నిటినీ ఫర్మానా ద్వారానే మిలిటరీ గవర్నర్ మేజర్ జనరల్ చౌధురికి అప్పగించాడు. అంటే ఒక సైనికాధికారి సంతకంతో చట్టాలు పుట్టాయి. ఆ కాలంలో గ్రామాల్లో ముస్లింల మీద జరిగిన హత్యాకాండలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. మరోవైపు మిలిటరీ గవర్నర్ వేసిన ప్రత్యేక ట్రిబ్యునళ్ళు నల్లగొండ రైతులకు ఉరిశిక్షలు వేశాయి. వాళ్ళ కేసు సుప్రీంకోర్టుకు వెళ్తే, 1950 జనవరి 26కు ముందే హైదరాబాద్‌లో అంతిమంగా తేలిపోయిన తీర్పుల మీద అప్పీలు వినే అధికారం తనకు లేదని కోర్టు అంది. రాజ్యాంగం వచ్చాక కూడా, దానికి ముందు రోజు దాకా నడిచిన అధికారం మనుషుల మెడల మీద వేలాడింది. లండన్ నుంచి న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించాడు, బయట ఉద్యమం నడిచింది, చివరికి ఆ ఉరిశిక్షలు రద్దయి యావజ్జీవాలుగా మారాయి.

నిజాం 1949 ఫిబ్రవరిలో సర్ఫేఖాస్ వదులుకున్నాడు, ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. నవంబర్ 23న భారత రాజ్యాంగాన్ని హైదరాబాద్‌కు వర్తింపజేస్తూ ఒక ఫర్మానా వచ్చింది. ఫర్మానా అన్నదానికి ఇక చోటు లేకుండా చేసింది కూడా ఒక ఫర్మానాయే.

వలీ ఉద్దౌలా ఆస్తి తగాదా అప్పటికీ తెగలేదు. 1950లో హైదరాబాద్ ప్రభుత్వం ఆ ఒక్క కుటుంబం కోసమే ప్రత్యేకంగా చట్టం చేసి, మహబూబ్ బేగం, కదీరన్ బేగం అనే ఇద్దరి హక్కును తోసిపుచ్చింది. మళ్ళీ కోర్టుకు వెళ్ళకుండా దారి కూడా మూసింది. పదేళ్ళ క్రితమైతే కథ అక్కడితో అయిపోయేది. ఈసారి ఆ ఇద్దరూ కోర్టుకెక్కారు, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అందరికీ ఉన్న కోర్టుకు వెళ్ళే హక్కు ఈ ఇద్దరు ఆడవాళ్ళకే ఎందుకు లేదు అని కోర్టు అడిగింది. ప్రభుత్వం దగ్గర సరైన జవాబు లేదు. చట్టం ముందు అందరూ సమానమన్న 14వ అధికరణం కింద ఆ చట్టం చెల్లదని కొట్టేసింది.

అన్నీ అలా కొట్టుకుపోలేదు. భూమి శిస్తు చట్టం 1317 ఫస్లీ, హైదరాబాద్ సిటీ పోలీస్ చట్టం 1348 ఫస్లీ నిజాం కాలం నుంచి ఇంకా పుస్తకాల్లో ఉన్నాయి. నిజాం సర్కారు సంవత్సరాలు లెక్కించిన ఫస్లీ పద్ధతిలో 1348 అంటే 1938 అక్టోబర్ నుంచి 1939 దాకా, స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహులు జైళ్ళలో, ఉస్మానియా విద్యార్థులు రోడ్ల మీద ఉన్న సంవత్సరం. ఇవాళ నగరంలో ఊరేగింపుల మీద, మైకుల మీద ఆంక్షలు పెడుతూ పోలీసులు ఇచ్చే ఉత్తర్వుల్లో తరచుగా కనబడేది ఆ చట్టం పేరే.